కామెట్ ఎందుకు కూలింది? కిటికీల కథ సగమే నిజం

నమస్తే అండి.

ప్రపంచంలోనే మొదటి ప్రయాణికుల జెట్ అయిన కామెట్ విమానం పేరెత్తగానే ఎవరైనా చెప్పే మాట ఒకటే. "కిటికీలు నలుచదరంగా పెట్టారు, అందుకే గాల్లో పేలిపోయింది. ఆ తర్వాత గుండ్రటి కిటికీలు పెట్టారు, సమస్య తీరిపోయింది." రెండు ముక్కల్లో కథ అయిపోతుంది. ఆ మాట పూర్తిగా అబద్ధమని నేననను. కానీ అది వింటే నాకు మనసొప్పదు. ఎందుకంటే కామెట్ కూలిన ప్రతిసారీ అచ్చం ఇలాంటి జవాబే ఒకటి చేతికి అందింది. జవాబు దొరికింది కదా అని మళ్లీ ఎగరేశారు. ఆ ధైర్యానికి ఎంతమంది బలయ్యారో ఈ వీడియోలో చూద్దాం.

ముందు ఆ విమానం ఎంత గొప్పదో చెప్పాలి. లేకపోతే ఆ జవాబుల్ని అందరూ అంత తొందరగా ఎందుకు నమ్మారో అర్థం కాదు. ఇంగ్లండ్‌లోని హాట్‌ఫీల్డ్‌లో 1949 జులై 27న డీ హావిలాండ్ కంపెనీ దాన్ని మొదటిసారి ఎగరేసింది. నడిపింది జాన్ కన్నింగ్‌హామ్, యుద్ధకాలంలో రాత్రిపూట శత్రు విమానాల్ని వేటాడి పేరు తెచ్చుకున్న పైలట్. అప్పటి ప్రయాణికుల విమానాలన్నీ ప్రొపెల్లర్లవే. ఆ మోత, ఆ అదురు, మబ్బుల్లో కుదుపులు భరిస్తూ గంటలకు గంటలు కూర్చోవాలి. కామెట్ మాత్రం మబ్బుల పైన 35 వేల, 40 వేల అడుగుల ఎత్తులో, గంటకు 700 కిలోమీటర్లు దాటిన వేగంతో నున్నగా సాగిపోయేది. 1952 మే 2న బ్రిటన్ ప్రభుత్వ విమాన సంస్థ బీఓఏసీ 36 మంది ప్రయాణికులతో లండన్ నుంచి జోహన్నెస్‌బర్గ్‌కి దాన్ని నడిపింది. జెట్ విమానంలో టికెట్ కొనుక్కుని జనం ప్రయాణించడం ప్రపంచంలో అదే మొదలు. ఆ రోజు వెళ్లిన విమానం రిజిస్ట్రేషన్ జీ-ఏఎల్‌వైపీ. రేడియోలో దాన్ని "యోక్ పీటర్" అనేవాళ్లు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

అయిదు నెలలు తిరిగాయి. 1952 అక్టోబర్ 26, రోమ్‌లోని చాంపీనో విమానాశ్రయం. బీఓఏసీ కామెట్ ఒకటి రన్‌వే మీద పరుగెత్తింది, ముక్కు లేచింది, విమానం మాత్రం లేవలేదు. రన్‌వే దాటి వెళ్లి చక్రాలు విరిగి ఆగింది. ఎవరి ప్రాణమూ పోలేదు. తప్పు పైలట్‌ది అన్నారు, ముక్కు మరీ పైకెత్తేశాడని. కెప్టెన్ హ్యారీ ఫుట్‌ని కామెట్ నుంచి తప్పించి సరుకు విమానాలకు పంపేశారు.

1953 మార్చి 3, కరాచీ. కెనడా విమాన సంస్థ కెనడియన్ పసిఫిక్ వాళ్లు కొత్తగా కొనుక్కున్న కామెట్ సిడ్నీ వెళ్తోంది. అదే పరుగు, అదే ముక్కు ఎత్తడం, అదే లేవకపోవడం. ఈసారి రన్‌వే అవతల కాలువ గట్టుకు గుద్దుకుని కాలిపోయింది. విమానంలో ఉన్న 11 మందీ పోయారు. ప్రయాణికుల జెట్‌లో మనుషులు చనిపోవడం అదే మొదటిసారి. మళ్లీ పైలట్‌దే తప్పన్నారు.

కొంచెం ఆగి ఆలోచించండి. ఇద్దరు అనుభవజ్ఞులు, రెండు దేశాలు, ఒకే రకంగా విమానం లేవకపోవడం. కామెట్ రెక్క ముందు అంచు ఆకారం వల్ల ముక్కు కాస్త ఎక్కువ ఎత్తితే చాలు, గాలి నిరోధం అమాంతం పెరిగి వేగం అందుకునేది కాదు. కంట్రోళ్లు హైడ్రాలిక్‌తో పనిచేసేవి కాబట్టి ఎంత ఎత్తుతున్నామో పైలట్ చేతికి సరిగ్గా తెలిసేది కాదు. ఆ తర్వాత కంపెనీ రెక్క ముందు అంచు ఆకారాన్నే మార్చింది. పైలట్ల తప్పే అయితే రెక్క ఎందుకు మార్చాలండి? రోమ్‌లోనే ఈ ప్రశ్న గట్టిగా అడిగి ఉంటే కరాచీలో ఆ 11 మంది బతికేవాళ్లేమో.

ఇక మన దేశంలో జరిగినది. తేదీ చూడండి: 1953 మే 2. జెట్ సర్వీసు మొదలై సరిగ్గా ఏడాది. సింగపూర్ నుంచి లండన్ వెళ్లే బీఓఏసీ కామెట్ కలకత్తా డమ్‌డమ్‌లో దిగి, సాయంత్రం ఢిల్లీకి లేచింది. అది బెంగాల్లో కాలబైశాఖి గాలివానల కాలం. లేచిన ఆరు నిమిషాలకే విమానం గాల్లో ముక్కలైంది. కలకత్తాకి వాయవ్యంగా జగల్‌గోరి దగ్గర శకలాలు మైళ్ల పొడవునా పడ్డాయి. అందులో ఉన్న 43 మందిలో ఒక్కరూ మిగల్లేదు. భారత ప్రభుత్వం విచారణ జరిపించింది. పెను గాలివానలో చిక్కుకుని విమానం నిర్మాణమే తట్టుకోలేక విరిగిపోయిందని తేల్చింది. అయితే అక్కడితో ఊరుకోలేదు. శకలాల్ని ఇంకా లోతుగా పరీక్షించాలని, కామెట్ నిర్మాణంలో మార్పులు అవసరమేమో చూడాలని కూడా చెప్పింది. ఈ మాట నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. కామెట్ కథలు చెప్పేవాళ్లు దీన్ని దాదాపు ఎవరూ ప్రస్తావించరు. జనానికి మాత్రం "తుఫానులో కూలింది" అన్న మాటే చేరింది. తుఫానుకి ఎవరేం చేస్తారు? కామెట్లు ఎగురుతూనే ఉన్నాయి.

1954 జనవరి 10. ఇందాక గుర్తుపెట్టుకోమన్న యోక్ పీటర్ ఉదయం రోమ్ నుంచి లండన్‌కి బయల్దేరింది. 35 మంది, అందులో 10 మంది పిల్లలు. కెప్టెన్ అలన్ గిబ్సన్ దారిలో ఇంకో బీఓఏసీ విమానంతో రేడియోలో మాట్లాడుతున్నారు. "నా సందేశం నీకు అందిందా" అని అడగబోయారు, వాక్యం మధ్యలోనే గొంతు తెగిపోయింది. ఎల్బా ద్వీపం దగ్గర పొలాల్లో పనిచేసుకునేవాళ్లు, సముద్రంలో ఉన్న జాలర్లు మంటలతో పడుతున్న ముక్కల్ని చూశారు. తుఫాను లేదు. విమానం లేచి ఇరవై నిమిషాలు కావస్తోంది కాబట్టి టేకాఫ్ తప్పిదం అనడానికీ లేదు.

జాలర్లు తీసుకొచ్చిన శవాల్ని పీసా నుంచి వచ్చిన డాక్టర్ ఆంటోనియో ఫోర్నారి పరీక్షించారు. ఊపిరితిత్తులు చిట్లిపోయి ఉన్నాయి, పుర్రెలు పగిలి ఉన్నాయి. లోపలి గాలి ఒక్కసారిగా బయటికి పోయి, మనుషులు ఎగిరి పైకప్పుకి గుద్దుకుంటే కలిగే దెబ్బలవి. అంటే నీళ్లలో పడకముందే క్యాబిన్ బద్దలైందని ఆ డాక్టర్ చూసిన దేహాలే చెబుతున్నాయి.

కానీ లండన్‌లో? కామెట్లని ఆపారు, నిజమే. ఇంజన్ ముక్క ఎగిరి ఇంధనం ట్యాంకుకి తగిలిందేమో, మంట రేగిందేమో అని తట్టిన అనుమానాలన్నిటికీ కలిపి సుమారు 60 మార్పులు చేశారు. అసలు కారణం తెలియకుండానే. మార్చి 23న మళ్లీ ఎగరేశారు. ఏప్రిల్ 8న రోమ్ నుంచి కైరో వెళ్తున్న సౌత్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ కామెట్ నేపుల్స్ దగ్గర సముద్రంలో పడిపోయింది. 21 మంది. మధ్యలో గడిచింది పదహారు రోజులు. ఈసారి కామెట్ ఎగరడానికి ఉన్న అనుమతినే ప్రభుత్వం రద్దు చేసింది. ఎంత డబ్బయినా, ఎంతమంది మనుషులు కావాల్సొచ్చినా సరే కారణం తేల్చాల్సిందేనని ప్రధాని చర్చిల్ ఆదేశించారు.

ఇక్కడి నుంచి ఫార్న్‌బరో కథ. ఇంగ్లండ్‌లో అక్కడున్న ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్ డైరెక్టర్ ఆర్నాల్డ్ హాల్ బృందం చేసిన పనిని నేను ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

ముందు చిన్న లెక్క. 40 వేల అడుగుల్లో బయట గాలి పీల్చి బతకలేం. లోపల 8 వేల అడుగుల ఎత్తులో ఉండేంత గాలి నింపాలి. దాంతో కామెట్ గోడ మీద ప్రతి చదరపు అంగుళానికీ 8.25 పౌండ్ల ఒత్తిడి లోపల్నుంచి బయటికి తోస్తుంటుంది. అప్పటి మిగతా విమానాలకి అంతకంటే బాగా తక్కువ ఉండేది. ఆ గోడ రేకు చాలాచోట్ల మిల్లీమీటరు మందం కూడా లేదు. ఆ కాలపు జెట్ ఇంజన్లకి శక్తి తక్కువ, బరువు తగ్గించక తప్పలేదు. లేచిన ప్రతిసారీ గోడ ఉబ్బుతుంది, దిగిన ప్రతిసారీ సడలుతుంది. ఇనప తీగని చేత్తో లాగితే తెగదు, అటూ ఇటూ పదే పదే వంచితే పుటుక్కున తెగుతుంది కదా, అదీ మెటల్ ఫెటీగ్.

హాల్ బృందం సర్వీసులో తిరిగిన ఒక కామెట్‌నే తెచ్చి దాని చుట్టూ పెద్ద నీళ్ల ట్యాంకు కట్టింది. రెక్కలు రెండు పక్కలా బయటికి, నడుము, అంటే జనం కూర్చునే పొడవాటి భాగం, మొత్తం నీళ్లలో. లోపలా నీళ్లే. స్క్రీన్ మీద ఆ ఫొటో చూడండి. నీళ్లే ఎందుకంటే, గాలి నింపితే చీలిక వచ్చిన క్షణంలో బాంబులా పేలి ఆధారాలన్నీ చెల్లాచెదురవుతాయి. నీటిని నొక్కితే కుదించుకుపోదు కాబట్టి చీలిక వచ్చినచోటే ఆగుతుంది, తాపీగా చూడొచ్చు. ఇక పంపులతో ఒత్తిడి పెంచడం, దించడం. గంటల ప్రయాణం నిమిషాల్లో. జాకీలతో రెక్కల్ని పైకీ కిందికీ ఊపుతూ, రాత్రీ పగలూ. జూన్ నెలాఖర్లో ఒత్తిడి ఉన్నట్టుండి పడిపోయింది. నీళ్లు తోడి చూస్తే ఎడమ పక్క అత్యవసర ద్వారం కిటికీ మూల దగ్గర మొదలై గోడ చీలిపోయి ఉంది. ఆ విమానం నిజంగా ఎగిరినవీ, ట్యాంకులో ఎగిరినట్టు చేసినవీ కలిపి లెక్క 3,057.

ఎల్బా దగ్గర బ్రిటిష్ నౌకాదళం సముద్రం అడుగున టీవీ కెమెరాలు దింపి మరీ యోక్ పీటర్ ముక్కల్ని వెలికి తీసింది. వాటిని ఫార్న్‌బరోలో విమానం ఆకారంలోనే చట్రానికి ఒక్కొక్కటిగా అమర్చుకుంటూ వచ్చారు. చిట్టచివరికి పైకప్పు ముక్క దొరికింది. అందులో రెండు చిన్న తెరుపులున్నాయి, దిశ తెలిపే రేడియో యాంటెన్నాల కోసం చేసినవి. చీలిక మొదలైంది అక్కడ, వెనక తెరుపు మూల పక్కనున్న బోల్టు రంధ్రం అంచున. ప్రయాణికులు బయటికి చూసే కిటికీ దగ్గర కాదు. ఆ ప్రయాణికుల కిటికీలు కూడా నలుచదరంగా ఉన్నా మూలలు గుండ్రంగా తిప్పినవే. మూల అన్నది సమస్యలో ఒక భాగం మాత్రమే. పలచటి రేకు, మూల దగ్గర పేరుకునే ఒత్తిడి, సరిగ్గా అక్కడే రంధ్రాలు. ఇవన్నీ కలిసి ఆ మూలల్లో రేకు తెగిపోయే బలంలో దాదాపు 70 శాతం దాకా ఒత్తిడి పడుతోందని ఫార్న్‌బరోలో కొలిచి చూశారు. కంపెనీ వేసుకున్న అంచనా దానికంటే చాలా తక్కువ.

మరి డీ హావిలాండ్ వాళ్లు పరీక్షించలేదా? పరీక్షించారండి, బాగా పరీక్షించారు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది అదే. కామెట్ నడుము ముక్క ఒకదాన్ని 16,000 సార్లకు పైగా ఉబ్బించి, దించి చూశారు. అన్నిసార్లు తట్టుకుంది. వేలసార్లు తట్టుకున్న గోడ వెయ్యిసార్లకే చీలుతుందని ఎవరనుకుంటారు? కానీ ఆ ముక్కనే అంతకుముందు బలం పరీక్షకి వాడారు. మామూలు ఒత్తిడికి రెట్టింపు ఎక్కించారు. అలా ఎక్కించినప్పుడు రంధ్రాల అంచుల్లో లోహం కొద్దిగా సాగింది. ఒత్తిడి తీసేశాక చుట్టూ ఉన్న లోహం దాన్ని లోపలికి నొక్కి పట్టుకుంది. ఆ నొక్కుడు వల్ల ఆ తర్వాత పగుళ్లు పుట్టడం చాలా ఆలస్యమైంది. అంటే మరింత గట్టిగా పరీక్షించాలన్న వాళ్ల శ్రద్ధే ఆ ముక్కని బలపరిచింది. జనం ఎక్కిన విమానాలకి ఆ బలం లేదు. వాటికి పెట్టిన పరీక్ష మామూలు ఒత్తిడికి మూడోవంతు ఎక్కువ మాత్రమే.

ఇంకో అంకె చూడండి. యోక్ పీటర్ 1,290 ప్రయాణాలకి పోయింది. నేపుల్స్ దగ్గర పడింది 900కే. ట్యాంకులోది 3,057. ఒకే డిజైన్, ఒకే లోహం, ఒకే ఫ్యాక్టరీ. ఒకటి తట్టుకుంది కాబట్టి అన్నీ తట్టుకుంటాయని ఫెటీగ్ విషయంలో ఎవరూ హామీ ఇవ్వలేరు.

కలకత్తాదీ ఇదే కారణమని కొందరు గట్టిగా చెబుతారు. నేను చెప్పను. ఆ విమానం ఇంకా చాలా తక్కువ ఎత్తులో ఉంది, లోపలి ఒత్తిడి పూర్తిగా ఎక్కే సమయమే కాలేదు. ఎల్బా సమాధానాన్ని తీసుకెళ్లి ఆ 43 మంది మీద పెట్టేస్తే, మళ్లీ చేతికందిన జవాబుతో సరిపెట్టుకున్నట్టే.

లార్డ్ కోహెన్ అధ్యక్షతన జరిగిన విచారణ 1955 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఎవర్నీ దోషిగా నిలబెట్టలేదు. ఫార్న్‌బరోలో తేలినవన్నీ బహిరంగంగా ప్రపంచం ముందు పెట్టారు, పోటీదారులైన అమెరికన్ కంపెనీలతో సహా. మందం పెంచి, డిజైన్ మార్చిన కామెట్ 4 1958 అక్టోబర్ 4న అట్లాంటిక్ దాటి జెట్ సర్వీసు మొదలుపెట్టింది. అదే నెల 26న అమెరికన్ విమాన సంస్థ పాన్ యామ్ బోయింగ్ 707 రంగంలోకి దిగింది, ఇంకా పెద్దది, ఇంకా వేగం. అన్ని రకాలూ కలిపి కామెట్లు 114 దగ్గరే ఆగిపోయాయి.

ఫార్న్‌బరోలో ట్యాంకు కట్టి చేసిన ఆ పని మాత్రం ఇప్పుడు కొత్త విమానం వచ్చిన ప్రతిసారీ జరుగుతోంది. ఎయిర్‌బస్ ఏ380 వచ్చినప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒక పూర్తి విమానాన్ని షెడ్డులో కట్టేసి, 47,500 ప్రయాణాలకి సమానంగా ఉబ్బించి దించారు. ఒక ఏ380 జీవితకాలంలో చేయాల్సిన ప్రయాణాలకి అది రెండున్నర రెట్లు. ఈసారి దానికి ముందుగా రెట్టింపు ఒత్తిడి ఎక్కించలేదు. బలం పరీక్షకి వేరే విమానం, ఫెటీగ్ పరీక్షకి వేరే విమానం.