టీచర్, బాత్రూంకి వెళ్లొస్తా

హెచ్ఎం మేడం గారికి, టీచర్లందరికీ, పని మానుకుని వచ్చిన అమ్మలకి నాన్నలకి నమస్కారం. మేడం నాకిచ్చిన టాపిక్ కిడ్నీల ఆరోగ్యం, జాగ్రత్తలు. ఇవాళ వరల్డ్ కిడ్నీ డే కదా, 2006 నుంచి ఏటా మార్చిలో రెండో గురువారం చేస్తున్నారు. నేనూ రాత్రి కూర్చుని ఉప్పు తగ్గించండి, బీపీ షుగర్ చూపించుకోండి అని రెండు పేజీలు రాసుకొచ్చాను. అవి అవసరమే, కానీ అవి ఎవరైనా చెప్తారు. ఆ పేపరు పక్కన పెట్టేస్తున్నా మేడం, ఏమనుకోకండి. నేను మా వాడి గురించి చెప్తాను. వాడికి పదకొండేళ్లు, వేరే ఊళ్లో చదువుతున్నాడు. నీ గురించి చెప్పొచ్చారా అని అడిగితే "చెప్పు, పేరు మాత్రం చెప్పకు" అన్నాడు.

వాడికున్న జబ్బు పేరు పోస్టీరియర్ యురెత్రల్ వాల్వ్స్. మగపిల్లలకే వస్తుంది. పాస్ బయటికొచ్చే దారిలో ఉల్లిపొరలాంటి పొర, బిడ్డ కడుపులో ఉన్నప్పుడే అడ్డంగా ఏర్పడుతుంది. 1919లోనే అమెరికాలో హ్యూ హాంప్టన్ యంగ్ అనే డాక్టరు దీన్ని రకాలుగా విడదీసి రాశాడు, అంటే కొత్త జబ్బేం కాదు. ఆ పొర అడ్డుంటే బ్లాడర్, అంటే పాస్ నిలవుండే సంచి, ముక్కి ముక్కి తొయ్యాలి, తోసి తోసి దాని గోడ మందమైపోతుంది, వెనక్కి తన్నిన ఒత్తిడి కిడ్నీల దాకా పోతుంది. బిడ్డ ఇంకా పుట్టకముందే కిడ్నీ దెబ్బతినేసి ఉండొచ్చు, అదీ సంగతి.

నాకు ఏడో నెల స్కానింగులో బాబుకి రెండు కిడ్నీల్లో నీరు చేరింది అన్నారు. చాలామందికి దానంతటదే తగ్గిపోతుందమ్మా అన్నారు, అది అబద్ధం కాదు, ఒకవైపు కొంచెం వాపుంటే చాలామందికి తగ్గిపోతుంది. కానీ రెండువైపులా వాపుండి, బ్లాడర్ పెద్దగా ఉండి, ఉమ్మనీరు తగ్గితే ఊరుకోకూడదని మాకెవరూ చెప్పలేదు. ఉమ్మనీరంటే చాలావరకు బిడ్డ పోసే పాసే, ఆ సంగతి కూడా నాకు తర్వాతే తెలిసింది. బిడ్డ పుట్టాడు, బాగానే ఏడ్చాడు, మూడు కేజీలున్నాడు, ఆ ఆనందంలో స్కానింగ్ మాట మర్చిపోయాం.

పట్టుకున్నది మా అత్తయ్య. నలుగురు మగపిల్లల్ని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసిన మనిషి ఆవిడ. రెండో నెలలో ఒకరోజు వీడికి నూనె రాస్తూ నన్ను కేకేసింది. "అమ్మాయ్, మగపిల్లాడు పోస్తే నా మొహాన పడాలి, వీడిది నా మోకాలు కూడా దాటట్లేదు, చూడు" అంది. చూశాను. ధార లేదు, చుక్క చుక్క చుక్క, మొహం ఎర్రగా చేసుకుని ముక్కుతున్నాడు. నేనేమో డైపర్ ఎప్పుడు చూసినా తడిగానే ఉంది, బాగా పోస్తున్నాడు అనుకున్నాను. నిజానికి అది నిండిపోయి కారడం. చంటి మగపిల్లలున్న అమ్మలు ఇక్కడెవరన్నా ఉంటే, ఇంటికెళ్లి ఒక్కసారి డైపర్ తీసేసి ధార చూడండి. జలుబూ దగ్గూ లేకుండా మాటిమాటికీ జ్వరం రావడం, పాలు తాగినా బరువు పెరగకపోవడం, అవన్నీ మా వాడికి ఉన్నాయి, మేం దిష్టి తీసేవాళ్లం.

పరీక్ష చేశారు, సన్నటి ట్యూబ్ పెట్టి మందు ఎక్కించి, వాడు పాస్ పోస్తుంటే ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిలింలో పైన బుడగలా ఉబ్బి, కింద దారపు పోగులా ఉంది. పాస్ దారిలోంచి సన్నటి దుర్భిణి గొట్టం పెట్టి ఆ పొర కోసేశారు, అరగంట పని. మా చుట్టాలందరూ అమ్మయ్య తీసేశారుగా ఇంకేముంది అన్నారు. మేమూ అదే అనుకున్నాం. ఏడాది నిండేసరికి క్రియాటినిన్ 0.9 ఉంది. అది రక్తంలో ఉండే మలినం, కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే ఆ అంకె పెరుగుతుంది. 0.8 లోపుంటే ధైర్యంగా ఉండొచ్చు అన్నారు డాక్టరు గారు, మాది ఆ గీతకి కొంచెం పైన.

పొర పోయింది కానీ బ్లాడర్ మందంగానే ఉండిపోయింది, పూర్తిగా ఖాళీ అవ్వదు. ఇక కిడ్నీ. పాస్‌ని చిక్కబరిచే శక్తి దానికి పోయింది. వాడు నీళ్లలాగా తెల్లగా, బోలెడంత పోస్తాడు. చూసినవాళ్లు "అంత బాగా పోస్తున్నాడంటే కిడ్నీలు గట్టివే" అంటారు. కాదండీ. ఎక్కువ పోయడమే వాడి జబ్బు. రాత్రి రెండుసార్లు లేచి నీళ్లడుగుతాడు, పక్క తడుపుతాడు, బద్ధకమూ కాదు భయమూ కాదు.

ఇప్పుడు అసలు మాట చెప్తాను. అప్పుడు వాడికి ఏడేళ్లు, రెండో తరగతి. డాక్టరు గారు ఒక రోజంతా కొలిచి రాయమన్నారు. నేను స్టీలు గిన్నె, మందులు కొలిచే గ్లాసు పెట్టుకుని ఒక ఆదివారం పొద్దున ఆరునుంచి సోమవారం పొద్దున ఆరుదాకా రాశాను, 2,400 మిల్లీ వచ్చింది. అంటే గంటకి వంద. పిల్లాడి బ్లాడర్‌లో ఎంత పడుతుందో ఒక లెక్కుంది, వయసుకి రెండు కలిపి ముప్ఫైతో హెచ్చించాలి. ఏడుకి రెండు కలిపితే తొమ్మిది, తొమ్మిది ముప్ఫైలు 270. పోసొచ్చాక కూడా వాడి బ్లాడర్‌లో ఇంకో ఎనభై మిగిలిపోతుంది. మిగిలిన చోటు 190. గంటకి వంద చొప్పున అది రెండు గంటలు కూడా రాదు. లెక్కల టీచరు గారు ఇక్కడున్నారు, తప్పుంటే చెప్పండి.

అప్పుడు చదివిన స్కూల్లో ఇంటర్వెల్ పదీ నలభైకి, లంచ్ పన్నెండు నలభై అయిదుకి. బస్సు ఎక్కేది ఏడున్నరకి. చూడండి మరి. లెటర్ ఇచ్చాను, డాక్టరు సంతకంతో. ఆ టీచరు గారు చెడ్డావిడ కాదు, యాభై రెండు మంది పిల్లలు, ఒకణ్ణి పంపితే పదిమంది లేస్తారు. "ఇందాకేగా వెళ్లావు, కూర్చో" అనేవారు. వాడు కూర్చునేవాడు. ఒకరోజు కూర్చున్నచోటే అయిపోయింది. పిల్లలు పేరు పెట్టారు, ఆ పేరు నేనిక్కడ చెప్పను.

వాడు ఏడ్చి గోలచెయ్యలేదు, నీళ్లు తాగడం మానేశాడు. ఎర్ర మూత బాటిల్, పొద్దున నేను నింపిన గీత దగ్గరే సాయంత్రం ఉండేది, ఇంటికొచ్చి గేటు దగ్గరే నిలబడి గడగడా తాగేవాడు. ఒకరోజు బాటిల్ ఖాళీగా వచ్చింది, సంతోషపడ్డాను. తర్వాత తెలిసింది, నేను తిడతానని మొక్కల్లో పారబోశాడు. మూడు వారాలకి వణుకుడు జ్వరం, నూటనాలుగు, తొమ్మిది రోజులు హాస్పిటల్. వెళ్లేముందు క్రియాటినిన్ 1.0, వచ్చాక 1.4. మళ్లీ వెనక్కి రాలేదు.

వాడి మిగతా జాగ్రత్తలు తొందరగా చెప్పేస్తాను. జ్వరమొస్తే మెడికల్ షాపులో బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు తెచ్చి వెయ్యం, కిడ్నీకి చెడుపు. విరేచనం బిగిస్తే బ్లాడర్ ఇంకా మొండికేస్తుంది కాబట్టి రోజూ ఏదో ఒక పండు. పోశాక అయిదు నిమిషాలాగి మళ్లీ పొయ్యాలి. రాత్రి పాస్ దారిలో సన్నటి ట్యూబ్ పెడతాం, బ్లాడర్‌లోది దానికి కట్టిన సంచీలోకి పోతుంది. మధ్యాహ్నం స్కూల్లో ఒకసారి వాడంతట వాడే ట్యూబ్ వేసుకుంటాడు. మొదట్లో నాకు చేతులు వణికాయి, ఇల్లేమన్నా ఆపరేషన్ థియేటరా అని. 1972లో జాక్ లాపిడెస్ అనే డాక్టరు చెప్పిందేంటంటే, థియేటర్ శుభ్రత అక్కర్లేదు, సబ్బుతో చేతులు బాగా కడుక్కుంటే చాలు, వేళకి ఖాళీ చెయ్యడమే ముఖ్యం అని. మా వాడు తొమ్మిదేళ్లకి నేర్చుకున్నాడు, నాలుగు నిమిషాల పని.

క్రియాటినిన్ ఇప్పుడు 1.6 ఉంది. ఒళ్లు పెరిగే వయసొస్తోంది, కిడ్నీ మాత్రం ఒంటితో పాటు పెరగదు. ప్యాంటు పొట్టయినప్పుడల్లా అందరు తల్లులూ మురిసిపోతారు, నాకు గుండె ఝల్లుమంటుంది. డయాలసిసో, మార్పిడో, ఆ రోజు రావచ్చు. రెండేళ్లు ఆలస్యంగా వచ్చినా మాకు రెండేళ్లే కదా.

2019లో కేరళలో స్కూళ్లలో వాటర్ బెల్ పెట్టారు, పిల్లలు నీళ్లు తాగడానికి. మంచిది. తాగినవి ఎక్కడికి పోవాలి మరి? అమ్మా టీచర్లూ, చేతులు జోడించి అడుగుతున్నా, మీ క్లాసులో అలాంటి పిల్లాడున్నాడో లేడో మీకు తెలీదు, వాడు చెప్పడు, చెప్పలేడు. అడిగితే పంపించెయ్యండి. ఎందుకని అడక్కండి. అబద్ధమాడి బయట తిరిగేవాళ్లు ఇద్దరుంటారు, తిరగనివ్వండి, ఆ పది నిమిషాల పాఠం మళ్లీ చెప్పుకోవచ్చు.

ఇంకొక్కటి మేడం. వచ్చేటప్పుడు కింద అబ్బాయిల బాత్రూంలోకి వెళ్లి చూశాను, వాచ్‌మన్ గారిని అడిగే వెళ్లాను. నాలుగు గదులున్నాయి, మూడింటికి లోపల గడియ లేదు, ఒకదానికి తాడు కట్టారు. సబ్బు లేదు. ట్యూబ్ వేసుకునే పిల్లాడికి తలుపు పడాలండీ, ఎవరైనా తోసుకొస్తారేమో అని చూస్తూ వేసుకోలేడు. గడియలు నేను తెచ్చాను, నాలుగు, స్క్రూలతో సహా ఈ కవర్లో ఉన్నాయి. కార్పెంటర్‌ని ఇవాళే పిలిపించండి, ఆ డబ్బులు నేనిస్తాను.