ముక్కుతో మాట్లాడే డాల్ఫిన్

శ్రోతలకు నమస్కారం. పిల్లలూ, రేడియో దగ్గరికి జరగండి. ఇవాళ కబుర్లన్నీ మీతోనే.

మన హైదరాబాద్‌లో సముద్రం లేకపోయినా ఈత కొలనులకేం కొదవ లేదు. మొన్న మా మనవరాలు బుగ్గలు పూరించుకుని నీళ్లలో మునిగింది. నేను గట్టు మీద నిలబడి లెక్కపెడుతున్నాను. 18 అనేసరికి దగ్గుకుంటూ పైకి లేచింది. ముక్కులోకి నీళ్లు పోయాయి. కాస్త తేరుకున్నాక, "తాతయ్యా, మరి డాల్ఫిన్‌కి పోవా?" అని అడిగింది.

పోవమ్మా. దాని ముక్కు నడినెత్తిన ఉంటుంది. ఒకటే రంధ్రం, దానికో మూత. నీళ్లలో ఉన్నంతసేపూ ఆ మూత బిగుసుకునే ఉంటుంది. చేపలాగా దానికి మొప్పలు లేవు కాబట్టి గాలి కోసం పైకి రావాల్సిందే. వచ్చి, ఫుస్సుమని వదిలి, గబుక్కున పీల్చి, మూత వేసేస్తుంది. మీరు రెప్ప వేసి తీసేలోపు అయిపోతుంది. ఆ ఒక్క ఊపిరితో ఊపిరితిత్తుల్లోని గాలి దాదాపు 80 శాతం మారిపోతుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు ఐదో వంతు కూడా మారదు.

బొమ్మల్లో దాని తల మీద ఫౌంటెన్ గీస్తారు చూడండి, అది కడుపులోంచి వచ్చే నీళ్లు కాదు. ఊపిరిలోని ఆవిరి, మూత మీద నిలిచిన నీటి తుంపర. డిసెంబరులో పొద్దున్నే స్కూలు బస్సు కోసం నిలబడి "హా" అంటే పొగ వస్తుందే, అలాంటిదే.

మనకు నిద్రలోనూ ఊపిరి దానంతటదే ఆడుతుంది. డాల్ఫిన్ మాత్రం తలుచుకుంటేనే పీల్చగలదు. మరి నిద్రపోతే ఎలా? మెదడులో సగం పడుకుంటే, మిగతా సగం కాపలా కాస్తుంది!

ఇక మాటలు. దానికి మనలాగా స్వరతంతువులు లేవు. నెత్తి మీది రంధ్రం కింద, ముక్కు దారిలో పెదవుల్లాంటి మడతలుంటాయి. గాలి ఊదిన బుడగ మూతిని రెండు వేళ్లతో సాగదీస్తే కీచుమంటుందే, అలా ఆ మడతలు అదిరి ఈల పుడుతుంది. నోరు తిండికే. బాటిల్‌నోస్ డాల్ఫిన్ పిల్ల మొదటి ఏడాదిలోనే తనకంటూ ఒక ఈల ఏర్పరచుకుంటుంది. అదే దాని పేరు. ఎవరైనా ఆ ఈల వేస్తే బదులు పలుకుతుంది.

గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, పైన బాలా హిసార్‌లో విన్నారా? కిలోమీటరు దూరం వెళ్లడానికి గాలిలో శబ్దానికి 3 సెకన్లు పడుతుంది. నీళ్లలో ఒక్క సెకను కూడా పట్టదు. అందుకే డాల్ఫిన్ టకటకమని చప్పుడు చేసి, చేపకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని కింది దవడతో వింటుంది. అవును, దవడతోనే!

2009లో మన జాతీయ జలచరంగా ప్రకటించిన గంగా డాల్ఫిన్‌కి చూపు దాదాపు లేనట్టే. బురద నీళ్లలో ఆ ప్రతిధ్వనే దానికి కళ్లు. గంగ ఒడ్డున జనం దాన్ని "సూంస్" అంటారు. పైకొచ్చి ఊపిరి వదిలినప్పుడు వినిపించే చప్పుడే ఆ పేరు.

ఉంటాను పిల్లలూ.