కారణం అన్న గడిలో ఏమి రాయాలి?

ఉపకులపతి గారికి, రిజిస్ట్రార్ గారికి, డీన్లకు, వార్డెన్లకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. ఏటా అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, నన్ను ఈ వేదిక ఎక్కించి శాలువా కప్పుతారు. ఇంట్లో శాలువాలు చాలానే పోగయ్యాయి. ఈసారి శాలువా వద్దు, ఒక రిజిస్టరును తీసేయించండి.

నాకిచ్చిన అంశం ‘పరీక్షల ఒత్తిడిని జయించడం ఎలా’. అక్కడికీ వస్తాను. ముందు రిజిస్టరు సంగతి.

మా కౌన్సెలింగ్ గది పరిపాలన భవనంలో, పరీక్షల విభాగం కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది. గుమ్మం దగ్గర బల్ల మీద పొడవాటి రిజిస్టరు. పేరు, రోల్ నంబరు, వచ్చిన సమయం, కారణం, సంతకం. లోపల కూర్చుని ఏడవాలని వచ్చిన పిల్లవాడు బయట కారణం రాయాలి! మొదట ఎవరో ‘తలనొప్పి’ అని రాశారు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా దాని కింద రెండేసి గీతలు పెట్టుకుంటూ పోయారు. పేజీ తిప్పితే మళ్లీ తలనొప్పి, మళ్లీ గీతలు. ఆడిట్‌కు వచ్చిన గుమాస్తా గారు అది చూసి, కంటి వైద్య శిబిరం పెట్టించమని సలహా ఇచ్చారు. నవ్వండి, నేనూ నవ్వాను.

ఆ తలనొప్పుల్లో ఒకరి గురించి చెబుతాను. ఎవరూ పోల్చుకోలేనట్టు వివరాలు మార్చాను. ఆ అబ్బాయి రోజూ వచ్చి, మా గది పక్కన కూలర్ దగ్గర సీసాలో నీళ్లు నింపుకుని వెళ్లిపోయేవాడు. చివరికి ఒకరోజు లోపలికి వచ్చాడు. “మేడమ్, ఇక్కడ నంబరు రాస్తే క్యాంపస్ ఇంటర్వ్యూలకు వచ్చే కంపెనీలకు తెలుస్తుందా?” అన్నాడు. ఆ వెంటనే, “నన్ను ఎర్రగడ్డకు పంపిస్తారా?” ఎంతో మందికి మానసిక వైద్యం చేసే ఆసుపత్రి ఉన్న హైదరాబాద్ పేటను మనం ఎగతాళి మాటగా మార్చుకున్నాం. ఆ పాపం నా ముందు కూర్చునే పిల్లలు మోస్తున్నారు. అన్నట్టు, నేను సైకియాట్రిస్టును కాను, మాత్రలు రాయను. ఈ సంగతి కొందరు డీన్లకు కూడా చెప్పాల్సి వస్తోంది.

అతనికి బ్యాక్‌లాగులు ఉన్నాయి. ఇంట్లో మాత్రం అన్నీ పాసయ్యానని చెప్పాడు. కుంగుబాటును అంచనా వేయడానికి మేము తొమ్మిది ప్రశ్నల పత్రం ఇస్తాం. ఎనిమిదింటికి గుర్తు పెట్టాడు. చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా అన్న తొమ్మిదోదాన్ని ఖాళీగా వదిలేశాడు. అలా వదిలేస్తే మేము నోటితో అడుగుతాం. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని అధ్యాపకులు భయపడతారు. పుట్టదండీ. ఎవరో ఒకరు అడిగారని చాలామంది తేలికపడతారు. మీరూ అడగండి.

అతను తేలికపడి వెళ్లాడు. సాయంత్రానికి వార్డెన్ గారి ఫోను: “వాడేం చెప్పాడు మేడమ్?” రిజిస్టరులో పేరు చూశారట.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం ఉంటే ఆ మేరకు బయటికి చెప్పవచ్చు. అప్పుడు కూడా వీలైనంత వరకు విద్యార్థికి చెప్పాకే ఇంటివాళ్లకు ఫోను చేస్తాను. వార్డెన్ గారి కుతూహలానికి మాత్రం ఆ చట్టంలో చోటు లేదు.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ ఒక అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరైనా ఉండాలని చెప్పింది. మంచిది, నియమిస్తారు. నియమించి పరీక్షల విభాగం ఎదుట కూర్చోబెడితే ఎవరొస్తారు?

పిల్లలూ, నా గదికి రావడం ఇష్టం లేకపోతే 14416కు ఫోను చేయండి. టెలి మానస్, ప్రభుత్వ సేవ. ఉచితం, అర్ధరాత్రైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇప్పుడే ఫోనుల్లో దాచుకోండి. వెనక వరుసలో ఉన్నవాళ్లూ, మీకే చెబుతున్నాను.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. పరీక్షల ఒత్తిడి గురించి ఒక్క మాట: పరీక్ష ముందు రాత్రి నిద్రపోండి.

రిజిస్ట్రార్ గారూ, లెక్కలు కావాలంటే నెలాఖరున ఎంతమంది వచ్చారో సంఖ్య ఇస్తాను, పేర్లివ్వను. గ్రంథాలయం వెనక ఖాళీ గది ఇప్పించండి, సాయంత్రం ఏడింటి దాకా నేనే కూర్చుంటాను. ఈ ఫైలు మీ దగ్గరికి వచ్చింది. ‘చర్చించండి’ అని రాసి వెనక్కి పంపారు. చర్చించడానికే వచ్చాను, మైకు మీకిస్తున్నాను.