ఇంట్లో పిల్లి ఉండగా ఎవరో వదిలేసిన కుక్కని ఉంచుకోవచ్చా?

అందరికీ నమస్కారం.

నేవీ, పోర్టు, స్టీల్‌ప్లాంట్, బ్యాంకులు. మన విశాఖలో బదిలీల ఉద్యోగాలు ఎక్కువ. ఇల్లు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు సామానంతా లారీ ఎక్కించి, కుక్కని మాత్రం సెల్లార్లో వదిలేసేవాళ్లున్నారు. దాన్ని చూసి మనసు ఆగక ఇంటికి తెచ్చుకునేవాళ్లూ ఈ ఊళ్లోనే ఉన్నారు. అలా తెచ్చుకున్న ఇంట్లో అప్పటికే ఒక పిల్లి ఉంటే ఏం చేయాలన్నదే ఈ పూట విషయం.

"ఉంచుకోవాలా, వద్దా" అని మొదటి రోజే తేల్చేయకండి. ఆ రోజు తేల్చుకోవలసింది ఒక్కటే: రెండు వారాల పాటు కుక్కని పిల్లి కంట పడకుండా వేరే గదిలో ఉంచగలమా? తలుపు గట్టిగా పడే గది, వీలైతే పక్కనే బాత్రూమ్ ఉన్నది, ఒక్కటి చాలు. అది లేకపోతే ఆ రాత్రికే తెలిసినవాళ్ల ఇల్లో, కొన్నాళ్లు తమ ఇంట్లో ఉంచుకుని చూసే (ఫోస్టర్ చేసే) వాళ్లో చూడాలి. బాల్కనీని గది కింద లెక్క వేయకండి. కుక్క ఒంటికి మనలా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పితేనే చల్లబడుతుంది. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువైనప్పుడు ఆ రొప్పు సరిగా పనిచేయదు. పడమటి ఎండ పడే బాల్కనీలో కట్టేస్తే చూస్తుండగానే వడదెబ్బ తగులుతుంది.

ఇంతకీ అది నిజంగా వదిలేసిన కుక్కేనా? మెడ మీద బెల్టు ఒరుసుకున్న గుర్తు, లిఫ్టు ఎక్కడానికి జంకకపోవడం, "సిట్" అంటే కూర్చోవడం, ఇవి ఇంట్లో పెరిగిన కుక్క లక్షణాలు. చెవి అంచున చిన్న కోత ఉంటే అది ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి వదిలిన వీధి కుక్క. 2023 నాటి జంతు జనన నియంత్రణ (ఏబీసీ) నిబంధనల ప్రకారం అలాంటి కుక్కని పట్టిన చోటే తిరిగి వదలాలి. ఆ వీధే దాని ఇల్లు. దానికి తిండి పెట్టి, ఏటా టీకా వేయించండి, గదిలో బంధించకండి. ఇక మూడో రకం తప్పిపోయినది. దీపావళి టపాసులకి బెదిరి పరిగెత్తిన కుక్క రెండు మూడు కాలనీలు దాటి తేలుతుంది. మైక్రోచిప్ చదివే రీడర్ ఉన్న పశువుల క్లినిక్‌కి తీసుకెళ్లి భుజాల మధ్య చర్మం కింద యజమాని వేయించిన చిప్ ఉందేమో చూపించండి, ఉంటే 15 అంకెల నంబరు వస్తుంది. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో పెట్టండి. కానీ ఒంటి మీద ఒక మచ్చో, విరిగిన పన్నో ఫోటోలో కనబడకుండా దాచి ఉంచుకోండి. "అది మాదే" అని వచ్చినవాళ్లు ఆ గుర్తు చెప్పగలగాలి.

వదిలేసిన మనిషి మీద కోపం రావడం సహజం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద అది నేరమే. అయితే మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. కాబట్టి ఆ మనిషిని వెతకడం మీద పెట్టే సమయం కుక్క మీద పెట్టండి.

రెండు వారాలు విడిగా ఎందుకంటే, ముందుగా జబ్బులు. పార్వో అనే వైరస్ జబ్బు సోకిన కుక్కకి సాధారణంగా వారం లోపే వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలవుతాయి, ఒక్కోసారి రెండు వారాలు పట్టవచ్చు. ఇప్పుడు తిరుగుతున్న పార్వో రకాలు పిల్లులకీ సోకగలవు. అందుకే పిల్లికి మూడు జబ్బుల టీకా, రేబిస్ టీకా ఈ ఏడాది పడ్డాయో లేదో ఆ రోజే పుస్తకం తీసి చూడండి. కుక్క గది పని ఆఖర్న చేయండి, ఆ గదికి వేరే చెప్పులు, వేరే గిన్నెలు పెట్టండి. పార్వో వైరస్ గచ్చు మీద నెలల తరబడి బతుకుతుంది. దాన్ని చంపేది బ్లీచే: ముందు మురికి కడిగి, ఒక వంతు ఇంటి బ్లీచ్‌కి 30 వంతుల నీళ్లు కలిపి, 10 నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత మంచినీళ్లతో కడగాలి. ఫినాయిల్ వాడకండి. పార్వో మీద దాన్ని నమ్ముకోలేం, పైగా పిల్లికి అది విషం. తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, ఒంట్లోకి వెళుతుంది. పిల్లి కాలేయం ఫినాల్ జాతి రసాయనాలని విరగ్గొట్టలేదు.

పిల్లుల ప్రాణం మీదికి తెచ్చే ఇంకొకటి పిడుదుల మందు. వీధిలో తిరిగిన కుక్కకి పిడుదులు, గోమార్లు (గెంతే ఫ్లీ పురుగులు) లేకుండా ఉండటం అరుదు. మన వాతావరణంలో వాటికి ఏడాది పొడవునా కాలమే. షాపులో అడగ్గానే మెడ వెనక వేసే చుక్కల మందు ఇస్తారు. దాని మీద పెర్మెత్రిన్ అని ఉంటే పిల్లి ఉన్న ఇంట్లోకి తేకండి. కుక్కకి ఏమీ కాదు, కానీ ఆ కుక్కని రాసుకున్న పిల్లికి, దాని పక్క మీద పడుకున్న పిల్లికి గంటల్లో వణుకు, ఫిట్స్ వస్తాయి. నీళ్లలో కలిపి పూసే డెల్టామెత్రిన్, అమిట్రాజ్ మందులకీ ఇదే మాట. డాక్టరుని "ఇంట్లో పిల్లి ఉంది, నోటి మాత్ర రాయండి" అని అడగండి. ఫ్లురాలనర్, అఫోక్సోలనర్ లాంటి మాత్రలు కుక్క బరువుని బట్టి ఇస్తారు. కుక్క ఒంటి మీద మందు ఉండదు కాబట్టి పిల్లికి అంటదు. నులిపురుగుల మాత్ర సాధారణంగా 10 కిలోలకి ఒకటి, 15 రోజుల తర్వాత మళ్లీ. గోమార్లు ఉంటే బద్దెపురుగు పిల్లికీ రావచ్చు కాబట్టి దానికీ దాని మోతాదు విడిగా రాయించుకోండి. కుక్క మాత్రలో ముక్క విరిచి పిల్లికి వేయకండి.

రేబిస్ విషయంలో రెండు వారాలు సరిపోవు. ఆ వైరస్ నెలల తరబడి పైకి కనబడకుండా ఉండగలదు. టీకా వేసిన రోజే కుక్క సురక్షితం కాదు, రక్షణ కుదురుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ప్రపంచ జూనోసిస్ దినమైన జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు, కానీ ఇంట్లోకి తెచ్చిన కుక్కకి ఆ తేదీ దాకా ఆగకూడదు. కుక్క గానీ పిల్లి గానీ కరిచినా, నెత్తురు రాకపోయినా సరే రక్కినా, సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కో దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికో వెళ్లండి. పసుపు, కారం పెట్టకండి.

తిండి దగ్గరా జాగ్రత్త కావాలి. బక్కచిక్కిన కుక్కకి జాలికొద్దీ కడుపునిండా పెడితే ఒంట్లో లవణాలు తారుమారై ప్రాణం పోవచ్చు. మొదటి రోజు మామూలు మోతాదులో మూడో వంతు, అదీ నాలుగైదు సార్లుగా. మెత్తటి అన్నం, ఉడికించిన గుడ్డు, ఎముక లేని కోడిమాంసం చాలు. నాలుగైదు రోజుల్లో మెల్లగా పెంచండి. కోలుకున్న 10 కిలోల కుక్కకి పొడి మేత రోజుకి సుమారు 180 గ్రాములు పడుతుంది. ఇది ఏళ్ల తరబడి సాగే ఖర్చు, నెల లెక్క కాగితం మీద వేసుకోండి.

ఇక స్వభావం. కొత్తగా వచ్చిన కుక్క మొదటి వారం మూలన ముడుచుకుని పడుకుంటే "ఎంత సాధువో" అని మురిసిపోతాం. చాలాసార్లు అది భయం. అసలు స్వభావం రెండు మూడు వారాలకి బయటపడుతుంది. ఈలోగా వాసనలు మార్చండి. కుక్క ఒళ్లు తుడిచిన గుడ్డ పిల్లి గిన్నె పక్కన, పిల్లిది కుక్క గదిలో పెట్టండి. మూసిన తలుపుకి అటూ ఇటూ రెండింటికీ తిండి పెట్టి, గిన్నెల్ని రోజుకి కొంచెం తలుపు దగ్గరికి జరపండి. పిల్లి తినడం మానేస్తే ఒక అడుగు వెనక్కి జరపండి.

రెండు వారాలయ్యాక ఇనప గ్రిల్ తలుపు మీదుగా చూపించండి. దోమల మెష్‌ని నమ్ముకోకండి, కుక్క పంజాకి అది చిరిగిపోతుంది. కుక్క ఆరడుగుల తాడు మీద ఉండాలి, అప్పటికే నడిచి అలసి ఉండాలి. పిల్లిని ఎత్తుకుని తీసుకురాకండి, దాని ఇష్టంతో అది రావాలి. మూడు నాలుగు నిమిషాలతో ఆపేయండి. ఇంట్లో పిల్లికి అటక, బీరువా పైభాగం లాంటి ఎత్తైన చోటు ఉండాలి. అక్కణ్ణుంచి దిగడానికి రెండు దార్లుండాలి, ఒక్కటే ఉంటే కుక్క అక్కడే కాపు కాస్తుంది. లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకి పెట్టే తొట్టె) కుక్కకి అందకూడదు. కానాగంత చేపలు ఉడికించి పిల్లికి పెట్టే పూట కుక్క వేరే గదిలో ఉండాలి. చాలా కొట్లాటలు గిన్నె దగ్గరే మొదలవుతాయి.

అప్పుడు చూడాల్సింది మొరుగుడు కాదు. మొరిగి, తోక ఊపి, ముందుకాళ్లు వంచి, పిలిస్తే మన వైపు తిరిగే కుక్కకి నేర్పవచ్చు. నోరు మూసుకుని, ఒళ్లు బిగించి, కన్నార్పకుండా పిల్లినే చూస్తూ, పేరు పెట్టి పిలిచినా, ముక్కు దగ్గర కోడిముక్క పెట్టినా పట్టించుకోని కుక్క వేట మీద ఉంది. పది రోజులు మళ్లీ దూరంగా ఉంచి మూడు నాలుగు సార్లు చూపించినా అదే తీరైతే ఆ కుక్క ఆ ఇంటికి తగదు. పిల్లి మెడ పట్టి ఒక్కసారి విదిలిస్తే చాలు, దిద్దుకోవడానికి ఇంకేమీ మిగలదు. ఇందులో కుక్క తప్పేమీ లేదు, పిల్లి లేని ఇంట్లో అదే కుక్క హాయిగా బతుకుతుంది.

పిల్లి జవాబు కూడా వినాలి. ఒక రోజంతా తినకపోతే డాక్టరుకి చెప్పాలి. రెండు మూడు రోజులు పస్తుంటే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రమాదమవుతుంది. మగపిల్లి మాటిమాటికీ ట్రే ఎక్కి, ముక్కుతూ, చుక్క కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగకండి. దిగులుతో వచ్చే ఆ మూత్రబంధం ఒకటి రెండు రోజుల్లో చంపుతుంది. నొప్పికని పారాసిటమాల్ వేయకండి, మన 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి పిల్లిని చంపగలదు. ముసలి పిల్లి, కిడ్నీ జబ్బున్న పిల్లి ఉన్న ఇంట్లో మా సలహా ఒకటే: ప్రయోగం చేయకండి, మొదటి నుంచీ వేరే ఇల్లు వెతకండి. నెల దాటినా పిల్లి మంచం కింది నుంచి బయటికి రాకపోతే అదీ జవాబే. ఆ ఇంటి మీద మొదటి హక్కు పిల్లిది.

అన్నీ కుదిరినా మొదటి కొన్ని నెలలు మీరు లేనప్పుడు రెండింటినీ ఒకచోట వదలకండి.

కుదరకపోతే కుక్కకి టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాకే ఇంకొకరికి ఇవ్వండి. తీసుకునేవాళ్ల ఇల్లు వెళ్లి చూడండి. సొంత ఇల్లా, అద్దెదా, అద్దెదైతే ఓనరు ఒప్పుకున్నారా, బదిలీ వస్తే ఏం చేస్తారు, రాత్రి ఎక్కడ పడుకోబెడతారు, అన్నీ అడగండి. గేటు దగ్గర గొలుసుకి కట్టడానికి అడిగేవాళ్లకి ఇవ్వకండి. మీ పిల్లి దగ్గర అది ఎలా ప్రవర్తించిందో దాచకుండా చెప్పండి. టీకాల పుస్తకం చేతికిచ్చి, వద్దనుకుంటే మీకే తిరిగి ఇచ్చేలా కాగితం రాయించుకోండి. మొదటి నెల వారానికోసారి ఫోన్ చేసి కనుక్కోండి.