పది, తొమ్మిది, ఎనిమిది

శ్రోతలందరికీ నమస్కారం.

ప్రభుత్వం ఫలానా స్వచ్ఛంద సంస్థను గుర్తించింది అనగానే వేదిక, శాలువా, జ్ఞాపిక మన కళ్ల ముందు కదులుతాయి. అవి దక్కవలసినవాళ్లకి దక్కాలి. అక్రమ రవాణా బారినపడిన ఆడపిల్లల కోసం హైదరాబాదులో పనిచేస్తున్న ‘ప్రజ్వల’ సునీతా కృష్ణన్ గారికి 2016లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు, మా ఇంట్లో మనిషికే వచ్చినంత సంబరపడ్డాను. అయితే ఈవేళ నేను చెప్పాలనుకున్నది ఇంకో రకం గుర్తింపు గురించి. అది కష్టంలో ఉన్న పిల్లల కోసం పెట్టిన ఒక ఫోన్ నంబరు కథ. పది, తొమ్మిది, ఎనిమిది. 1098.

జెరూ బిలిమోరియా అనే ఆవిడ ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో పాఠాలు చెప్పేవారు. రైల్వే స్టేషన్లలో, ఫుట్‌పాత్‌ల మీద బతికే పిల్లలతో ఆవిడకి చనువు. అవసరమైతే ఫోన్ చెయ్యండర్రా అని తన నంబరు ఇచ్చారు. పిల్లలు నిజంగానే చేశారు. అర్ధరాత్రి చేశారు, తెల్లవారుజామున చేశారు. ఒకడికి దెబ్బ తగిలింది, ఇంకొకడికి జ్వరం, మరొకడు భయపడిపోయి ఉన్నాడు. ఒక్క మనిషి ఇంటి ఫోన్ ఎన్ని రాత్రులు మోగుతుంది చెప్పండి? అందుకే పిల్లల దగ్గర పైసా లేకపోయినా పలికే నంబరు కావాలని టెలికాం శాఖ వెంటపడ్డారు. 1996లో ఆ సంస్థ తరఫునే చైల్డ్‌లైన్ మొదలైంది. నాకు ఈ కథలో బాగా నచ్చే సంగతి ఏమిటంటే, మొదట్లో ఆ ఫోన్లు ఎత్తినవాళ్లలో వీధుల్లో పెరిగిన కుర్రాళ్లు కూడా ఉన్నారు. స్టేషన్‌లో ఒంటరిగా కూర్చున్న పిల్లాడికి ఎక్కడ నొప్పో, వాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఫోన్ ఎత్తితే సరిపోతుందా? పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తే ‘నువ్వు వీడికి ఏమవుతావు?’ అని అడుగుతారు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ‘నువ్వెవరు?’ అని అడుగుతారు. మంచి మనసున్న మనిషి దగ్గర ఆ ప్రశ్నకి జవాబు ఉండదు. ప్రభుత్వ గుర్తింపు ఇచ్చేది ఆ జవాబే. 1999లో చైల్డ్‌లైన్ ఇండియా ఫౌండేషన్ ఏర్పడి, కేంద్ర ప్రభుత్వం మద్దతుతో ఆ నంబరు ఊరూరా విస్తరించింది. 2015 బాల న్యాయ చట్టంలోకి చైల్డ్‌లైన్ పేరే ఎక్కింది. తప్పిపోయిన బిడ్డను ఇరవై నాలుగు గంటల్లోగా, రక్షణ అవసరమైన పిల్లల బాగోగులు తేల్చే బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచగలవాళ్లెవరో చెబుతూ, పోలీసులతో పాటు, రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన స్వచ్ఛంద సంస్థలనీ ఆ చట్టం లెక్కలోకి తీసుకుంది. ‘నువ్వెవరు?’ అని అడిగితే ఇప్పుడు చట్టం చూపించవచ్చు.

2023 నుంచి ఈ నంబరును రాష్ట్రాల యంత్రాంగం చేతికి అప్పగించి, 112 అత్యవసర సేవతో కలిపారు. ఒక సంస్థ మొదలుపెట్టిన పనిని ప్రభుత్వమే తన పనిగా చేసుకోవడం కన్నా పెద్ద సత్కారం ఉండదని నా నమ్మకం. ఒక్క మాట మాత్రం మనవి చేసుకుంటాను. ఏ సందులో ఏ పిల్లాడు పడుకుంటాడో ఏళ్ల తరబడి తిరిగి తెలుసుకున్న కార్యకర్తల్ని ఆ పనికి దూరం కానివ్వకూడదు. మన నెల్లూరు ఆడపడుచు శాంతా సిన్హా గారి విషయంలో ప్రభుత్వం అలాంటి పనే చేసింది. పనిలో మగ్గుతున్న పిల్లల్ని బడిలో చేర్పించిన మనిషిని, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కి తొలి అధ్యక్షురాలిగా కూర్చోబెట్టింది.

ఇక మన ఊరి సంగతి. హౌరా నుంచి చెన్నై వైపు పోయే బండి విశాఖపట్నం వచ్చి, ఇంజిన్ అటుదిటు మార్చుకుని, వచ్చిన దారినే వెనక్కి తిరిగి దువ్వాడ వైపు పోతుంది. అందుకే మన స్టేషన్‌లో చాలాసేపు ఆగుతుంది. ఇంట్లో అలిగి బండెక్కిన పిల్లాడికి దిగిపోవడానికి అంత సమయం చాలు. మాయమాటలు చెప్పి తీసుకుపోయేవాడికీ అంత సమయం చాలు. సింహాచలం గిరి ప్రదక్షిణలో బిడ్డ తప్పిపోతే మైకులో పేరు పిలుస్తారు, తల్లి పరుగెత్తుకుంటూ వస్తుంది. ప్లాట్‌ఫామ్ మీద దిగిన పరాయి ఊరి బిడ్డకి ఆ మైకు లాంటిది 1098.

మీ ఇంటి బిడ్డే కనిపించకపోతే సాయంత్రం దాకా చూద్దాం, రేపటి దాకా చూద్దాం అనుకోకండి. బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులోనే 2013 మేలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బిడ్డ తప్పిపోయాడని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చెయ్యాల్సిందే. ఒక్క రోజు ఆగి రండి అని ఎవరైనా అంటే, ఈ తీర్పు గుర్తు చెయ్యండి. ఇది మీ హక్కు.

మరి ఎదుటివాళ్ల బిడ్డ కనిపిస్తే? ఈ ఒక్కటీ బాగా గుర్తుంచుకోండి. జ్ఞానాపురం గేటు దగ్గరో, ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనో, బీచ్ రోడ్డు మీదో ఒంటరిగా బిక్కుబిక్కుమంటున్న పిల్లాడు కనిపిస్తే 1098కి ఫోన్ చెయ్యండి. ఎక్కడున్నారో, ఏ ప్లాట్‌ఫామో, బిడ్డ ఏ రంగు బట్టలేసుకున్నాడో చెప్పండి. స్టేషన్‌లో అయితే రైల్వే రక్షణ దళం వాళ్లకీ చెప్పండి. జాలిపడి ఇంటికి తీసుకుపోకండి. ఇరవై నాలుగు గంటల్లో అధికారులకి తెలియజెయ్యాలని చట్టం మనకీ చెబుతోంది. మంచినీళ్లిచ్చి పక్కన కూర్చోండి, వాళ్లొచ్చేదాకా కదలకండి. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. రక్షణ అవసరమైన బిడ్డ ఎవరో నలుగురికీ తెలిసేలా చెయ్యడాన్ని బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ఆ ఫోన్‌తో 1098కి చెయ్యండి. రాత్రయినా, పగలయినా, పది, తొమ్మిది, ఎనిమిది.

నమస్కారం.