మంచం కింది ఉత్తరం

శ్రోతలకు నమస్కారం.

మన దగ్గర ఓ పదహారేళ్ల అమ్మాయి విడుదలైన తన మొట్టమొదటి పాటకి 'బాలు' అని పేరు పెట్టిందనుకోండి. పాట బాలుగారి గురించి కాదు. ఆయన పాట ఎక్కడైనా వినబడితే నేను గుర్తుకు రావాలి అని, విడిపోయిన అబ్బాయితో చెప్పుకోవడం. 2006 జూన్‌లో అమెరికాలో గాయని టేలర్ స్విఫ్ట్ చేసింది అచ్చం ఇదే. పాట పేరు 'టిమ్ మెక్‌గ్రా'. ఆయన అప్పటికే పెద్ద కంట్రీ గాయకుడు. కంట్రీ అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతం.

హైస్కూల్లో లెక్కల క్లాసులో తట్టిన ఊహ అది. అబ్బాయి పైచదువుకి వెళ్లిపోతాడని తెలుసు. ఇంకా వెళ్లలేదు, వెళ్లిపోయినట్టే రాసేసుకుంది. పాటల రచయిత్రి లిజ్ రోజ్‌తో కలిసి పూర్తిచేసింది. బిల్‌బోర్డ్ పత్రిక వేసే కంట్రీ పాటల పట్టికలో ఈ పాట 6వ స్థానం దాకా వెళ్లింది.

ఇక పాట అల్లిక. మొదటి చరణంలో వేసవి, ట్రక్కు, రాత్రిపూట ఊరి రోడ్లు. తర్వాత పల్లవి. రెండో చరణంలో సెప్టెంబరు, కన్నీళ్లు, మంచం కింద పెట్టెలో అతను చదవని ఉత్తరం. మళ్లీ అదే పల్లవి. ఆ తర్వాత ఆమె అతని వీధికి వస్తుంది, గుమ్మం ముందు ఉత్తరం పెడుతుంది. అందులో మొదట కనబడే మాటలేమిటి? పల్లవే! రెండుసార్లు విన్న పల్లవి మూడోసారి ఉత్తరమైపోతుంది. మధ్యలో ఒకటి రెండు పంక్తులు తప్ప మాట మారలేదు, వరస మారలేదు. ఆ వయసులో ఈ పట్టు దొరకడం మామూలు సంగతి కాదు.

గిటారు నేర్చుకునేవాళ్లకి ఇది మంచి పాట. సి, ఏ మైనర్, ఎఫ్, జి. నాలుగే కార్డులు, అంటే కలిపి మీటే స్వరాల గుంపులు. నిమిషానికి 76 దెబ్బలు. ఒక్కో కార్డుకి నాలుగేసి లెక్కపెట్టుకుంటే, నాలుగూ ఒక చుట్టు తిరగడానికి దాదాపు పన్నెండున్నర సెకన్లు. చేయి తడబడేది ఎఫ్ దగ్గరే. చూపుడు వేలితో ఆరు తీగలూ అదమాలి, కొత్త చేతికి బలం చాలదు, తీగ బుర్రుమంటుంది. అందుకని దాని బదులు, దగ్గరగా వినబడే ఎఫ్ మేజర్ సెవెన్ కార్డు పట్టండి. తీగల్ని సన్నదాని నుంచి లెక్కపెట్టండి; గడి అంటే గిటారు మెడ మీద రెండు కమ్మీల మధ్య జాగా. చూపుడు వేలు రెండో తీగ మీద మొదటి గడిలో, మధ్య వేలు మూడో తీగ మీద రెండో గడిలో, ఉంగరం వేలు నాలుగో తీగ మీద మూడో గడిలో. సన్నతీగని నొక్కకుండా మోగనివ్వండి, లావు తీగలు రెండూ మీటకండి.

ఇప్పుడు చూపుడు వేలు చూడండి. సి‌లో అక్కడే, ఏ మైనర్‌లో అక్కడే, ఎఫ్‌లోనూ అక్కడే. జి వచ్చేదాకా ఆ వేలు లేవక్కర్లేదు. అలవాటుకొద్దీ మూడు వేళ్లూ ఒక్కసారే ఎత్తేస్తారు, లయ తప్పేది అక్కడే. సన్నతీగ మోగకపోతే వేలు పడుకుందన్నమాట, కొస మీద నిలబెట్టండి.

కార్డులు మారవు కాబట్టి తేడా అంతా చేతి బలంలోనే చూపాలి. మొదటి పల్లవికే గట్టిగా వాయిస్తే మూడోదానికి ఏమీ మిగలదు. మొదటిది వేళ్లతో, రెండోది మీటుబిళ్లతో మెల్లగా, ఉత్తరం గుమ్మం ముందు పెట్టే చోట ఇంచుమించు ఆపేసి, మూడోది నిండుగా. చివర్లో మొదటి చరణం తొలి మాటలే మళ్లీ వస్తాయి. అక్కడ మళ్లీ వేళ్లతోనే, ఒక్కో కార్డుకి ఒక్కసారే మీటండి.