ఎక్కడ ఆగాలో తెలిసిన స్వరం

శ్రోతలకు నమస్కారం.

మీరు నా మాట ఏ రేడియోలో వింటున్నారో నాకు తెలియదు. అరచేతిలో పట్టే చిన్న రేడియో కావచ్చు, ఫోన్ కావచ్చు, కారులో స్పీకర్ కావచ్చు. ఆ స్పీకర్ చిన్నదైతే అక్కడ ఒక చిత్రం జరుగుతుంది. నేను వాయించే బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. చిన్న స్పీకర్ అంత మంద్రమైన ధ్వనిని పలికించలేదు. అయినా ఆ స్వరం మీకు వినిపిస్తుంది. తీగ 41తో పాటు 82, 123 అంటూ పైనున్న అనుస్వరాలను, అంటే హార్మోనిక్స్‌ను, కూడా పలుకుతుంది కదా, స్పీకర్ మీకు చేరవేసేది వాటినే. అవి విన్న మెదడు, అడుగున ఉండాల్సిన స్వరాన్ని తనంతట తానే పూరించుకుంటుంది. అంటే పాటకు పునాది సగం మేము వేస్తే, మిగతా సగం మీరే వేసుకుంటున్నారన్నమాట.

నేను ఇరవై ఏళ్లుగా బేస్ వాయిస్తున్నాను. పాత బేస్‌లన్నా, పాత ఆంప్లిఫయర్లన్నా నాకు ప్రాణం. ఎక్కడైనా రంగు వెలిసిన గిటార్ పెట్టె కనబడితే చాలు, మూత తెరిచి చూసేదాకా కాలు కదలదు. ఈ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందో, అది నాకేం నేర్పిందో చెబుతాను.

బేస్ గిటార్ పుట్టుకకు రేడియోతో దగ్గరి సంబంధం ఉంది. అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్లో లియో ఫెండర్ అనే ఆయన 1938లో రేడియో రిపేరు దుకాణం పెట్టాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. కానీ రిపేరుకు వచ్చే సంగీత కళాకారుల కష్టాలు శ్రద్ధగా వినేవాడు. ఆ రోజుల్లో బేస్ అంటే వయొలిన్ ఆకారంలో, మనిషి కంటే ఎత్తుండే డబుల్ బేస్. దాన్ని మోయడం ఒక కష్టం. డ్రమ్స్, ట్రంపెట్ల హోరులో అది వినిపించకపోవడం ఇంకో కష్టం. వీణకు ఉన్నట్టు మెట్లు ఉండవు కాబట్టి వేలు కాస్త పక్కకు పడినా అపస్వరమే. ఫెండర్ 1951లో గిటార్‌లా మెడకు తగిలించుకునే బేస్ తయారుచేసి, దానికి మెట్లు పెట్టాడు. మెట్టు మీద నొక్కితే స్వరం కచ్చితంగా పలుకుతుంది. అందుకే దానికి ప్రిసిషన్ (కచ్చితత్వం) బేస్ అని పేరు పెట్టారు. అంతకుముందు 1930లలోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన ఇలాంటి కరెంటు బేస్ చేశాడు. పాపం, అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. చరిత్ర చెప్పేటప్పుడు ఆయన పేరు వదిలేయడం నాకు ఇష్టం ఉండదు.

ప్రిసిషన్ బేస్ మీద, తీగలు వచ్చి ఆనుకునే బ్రిడ్జి దగ్గర, ఒక మెరిసే లోహపు మూత ఉండేది. దాన్ని వాయించేవాళ్లు ముద్దుగా యాష్‌ట్రే అనేవారు. చాలామంది చేతికి అడ్డమని విప్పి పక్కన పడేశారు. ఇవాళ పాత బేస్‌లు చాలావాటికి మూత ఉండదు, దాన్ని బిగించిన మరల రంధ్రాలు మాత్రమే మిగిలి ఉంటాయి. ఆ మూత లోపల ఒక స్పాంజ్ ముక్క ఉండేది. అది తీగలను మెత్తగా తాకుతూ, స్వరం ఎక్కువసేపు మోగకుండా ఆపేది. నా దృష్టిలో ఆనాటి నాదంలో సగం రహస్యం ఆ స్పాంజ్ ముక్కే.

స్పాంజ్ ఎందుకు పెట్టారంటే, డబుల్ బేస్ స్వరం కూడా పొట్టిదే. వేలితో లాగి వదిలితే ధుమ్మని మోగి వెంటనే తగ్గిపోతుంది. జనం చెవులు దానికి అలవాటుపడ్డాయి. కరెంటు బేస్ కూడా అలాగే పలకాలని కోరుకున్నారు. పైగా అప్పటి తీగలు కూడా వేరు. వాటిని ఫ్లాట్‌వౌండ్ తీగలు అంటారు. లోపలి ఉక్కు తీగ చుట్టూ గుండ్రటి తీగ కాకుండా చదునైన రిబ్బన్ చుట్టి ఉంటుంది. వేలు జారితే గరగర ఉండదు. పై అనుస్వరాలు తక్కువ, గుండెకు తగిలే దెబ్బ ఎక్కువ.

ఈ నాదాన్ని శిఖరానికి తీసుకెళ్లిన మనిషి జేమ్స్ జేమర్సన్. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డుల సంస్థ స్టూడియోలో 1960లలో వచ్చిన ఎన్నో పాటలకు బేస్ ఆయనదే. ఆయన చేతిలో ఉన్నది 1962 నాటి ప్రిసిషన్ బేస్. లావు ఫ్లాట్‌వౌండ్ తీగలు. అవి తెగితే తప్ప మార్చేవాడు కాదు. మూత కింద స్పాంజ్. కుడి చేతి చూపుడు వేలు ఒక్కటే వాడేవాడు. ఆ ఒక్క వేలికి ఆయన తోటివాళ్లు హుక్ అని పేరు పెట్టారు. ఆ రికార్డులను జనం ఎక్కువగా విన్నది కారు రేడియోల్లో, చిన్న చిన్న ట్రాన్సిస్టర్లలో. అయినా ఆ బేస్ స్పష్టంగా వినిపించింది. స్వరం పొట్టిగా ఉండడం వల్ల డ్రమ్‌కు, గొంతుకు చోటు మిగిలింది. ఆ మిగిలిన చోటులో ఆయన ఇంకో స్వరం, మరో స్వరం పెట్టుకుంటూ పోయాడు. ఆయన వరసలు అంత చురుగ్గా ఉన్నా పాటను ఎక్కడా తొక్కేయవు.

ఇక నా సంగతికొస్తాను. మొదటి ఏడెనిమిదేళ్లు నా దగ్గర కొత్త బేస్ ఉండేది. మంచి బేస్. మెరిసే రౌండ్‌వౌండ్ తీగలు. ఒకసారి మీటితే స్వరం పది, పదిహేను సెకన్లు మోగుతూనే ఉండేది. అది గొప్ప అనుకునేవాణ్ని. కానీ రిహార్సల్ రికార్డింగ్ విన్నప్పుడల్లా పాట అడుగున ఏదో బురద పేరుకున్నట్టు ఉండేది. కారణం నాకు తెలిసేది కాదు. ఆంప్ మార్చాను, నాదాన్ని మార్చే పెడల్స్ కొన్నాను. ఒకరోజు ఒక స్నేహితుడి ఇంట్లో ఫ్లాట్‌వౌండ్ తీగలున్న పాత బేస్ చేతికి వచ్చింది. అదే వరస వాయించాను. స్వరం మోగింది, తగ్గింది, అయిపోయింది. తర్వాతి స్వరానికి ముందు నిశ్శబ్దం వినిపించింది. అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ నేను స్వరం ఎక్కడ మొదలుపెట్టాలన్నదే నేర్చుకున్నాను, ఎక్కడ ఆపాలో నేర్చుకోలేదు. ఏ గురువూ చెప్పని ఆ పాఠం ఆ పాత బేస్ ఒక్క గంటలో చెప్పింది.

ఆ తర్వాత నాకూ ఒక పాత ప్రిసిషన్ బేస్ కావాలనిపించింది. చాలాకాలం వెతికాక ఒకటి దొరికింది. అమ్మిన ఆయన అది 1964 నాటిదని గట్టిగా చెప్పాడు. ఆ సంవత్సరానికి ఒక విలువ ఉంది. 1965 జనవరిలో ఫెండర్ కంపెనీని సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థ కొన్నది. అంతకుముందు తయారైనవాటి కోసం సేకరించేవాళ్లు ఎగబడతారు. నేను పైనున్న ప్లాస్టిక్ రేకు విప్పి లోపల చూస్తానన్నాను. వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పాట్‌ల వెనక చిన్న అంకెలు ముద్రించి ఉంటాయి. నా బేస్‌లో ఉన్నవి 1376633. మొదటి మూడు అంకెలు, 137, అంటే పాట్ తయారుచేసిన సీటీఎస్ అనే కంపెనీ గుర్తు. తర్వాతి 66 అంటే సంవత్సరం. చివరి 33 అంటే ఆ ఏడాదిలో ముప్పైమూడో వారం. 1966 ఆగస్టులో తయారైన పాట్, 1964 నాటి బేస్‌లో ఎలా ఉంటుంది? మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. కానీ టంకం చెక్కుచెదరలేదు, పాత మసక మెరుపుతో ఉంది. నెక్, అంటే మెట్లుండే పొడవాటి భాగం, విప్పి చూస్తే దాని చివర సెప్టెంబర్ 66 అని ముద్ర. రెండూ సరిగ్గా సరిపోయాయి. (ఒక్క మాట. పాట్ అంకె చూసి బేస్ వయసు తేల్చకండి. పాట్‌లు కొని చాలాకాలం నిల్వ ఉంచేవారు. బేస్ అంతకంటే పాతది కాదని మాత్రమే అది చెబుతుంది.)

అమ్మినాయన చెప్పిన సంవత్సరం తప్పు. రంగు కూడా అసలుది కాదు, ఎవరో గీకేసి నలుపు వేశారు. సేకరించేవాళ్లు పెదవి విరుస్తారు. నేను మాత్రం ఆ రోజే ఇంటికి తెచ్చుకున్నాను. నలుపు రంగు కింద కుడి మోచెయ్యి ఆనే చోట చెక్క నున్నగా అరిగిపోయి ఉంది. దాన్ని ఎవరో ఏళ్ల తరబడి కూర్చుని వాయించారు. నాకు కావలసింది వాయించడానికి బేస్. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కాదు.

పాతదంతా గొప్పదని నేను అనను. ఆ మాట అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. తీగ కంపనాన్ని కరెంటుగా మార్చేవి పికప్‌లు. అప్పట్లో వాటికి వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టేవారు. చుట్టేటప్పుడు తీగను మనిషి చేత్తో పట్టి నడిపేవారు కాబట్టి ఏ రెండూ ఒకేలా రాలేదు. కొన్ని అద్భుతంగా పలుకుతాయి, కొన్ని నీరసంగా ఉంటాయి. నెక్ వంగిపోయినవి, మెట్లు అరిగి స్వరం బుసకొట్టేవి కూడా చాలా చూశాను. వాటితో పోలిస్తే ఇవాళ్టి కొత్త బేస్ ఎంతో నయం. స్పాంజ్ ముక్క, ఫ్లాట్‌వౌండ్ తీగలు మీ కొత్త బేస్‌కు కూడా వేసుకోవచ్చు. నేను చెప్పే నాదంలో చాలా భాగం వాటితోనే దొరుకుతుంది.

ఆంప్లిఫయర్ల గురించి కూడా చెప్పాలి. ఆంపెగ్ అనే ఆంప్లిఫయర్ల కంపెనీ పేరు వెనక ఒక ముచ్చట ఉంది. డబుల్ బేస్ నేల మీద ఆనడానికి అడుగున ఒక మేకులాంటి పెగ్ ఉంటుంది. ఎవరెట్ హల్ అనే బేస్ వాద్యకారుడు 1940లలో ఆ పెగ్ లోపలే మైక్ పెట్టాడు. ఆంప్లిఫైడ్ పెగ్ అన్నది ఆంపెగ్ అయింది. 1960లో ఆ కంపెనీ బి-15 అనే ఆంప్ తెచ్చింది. ఒకే ఒక్క 15 అంగుళాల స్పీకర్. ధ్వనిని పెంచే గాజు వాక్యూమ్ ట్యూబులున్న భాగాన్ని పైకి తిప్పి వాయించాలి, అయిపోయాక తలకిందులుగా తిప్పి పెట్టె లోపల దాచేయాలి. దాని శక్తి 25 వాట్ల చుట్టూ మాత్రమే. పెద్ద వేదికకు చాలదు. కానీ స్టూడియోలో దాని ముందు ఒక మైక్ పెడితే, ఇంకేమీ చేయనక్కర్లేదు. గట్టిగా మీటినప్పుడు ట్యూబులు స్వరం అంచును కాస్త నలుపుతాయి. దానివల్ల ఇందాక చెప్పిన పై అనుస్వరాలు పెరుగుతాయి, చిన్న స్పీకర్‌లో కూడా బేస్ తెలుస్తుంది. 1969లో వచ్చిన అదే కంపెనీ ఆంప్ ఎస్‌వీటీ దీనికి పూర్తిగా వేరు. 300 వాట్లు, 14 ట్యూబులు, పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న పెట్టె. ఇద్దరు లేకుండా మెట్లెక్కించలేరు.

పాత ట్యూబ్ ఆంప్ ఎవరికైనా దొరికితే దయచేసి వెంటనే ప్లగ్ పెట్టకండి. లోపలి కెపాసిటర్లు దశాబ్దాల్లో ఎండిపోయి ఉంటాయి. ప్లగ్ తీసేశాక కూడా వాటిలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. మూత మీరే విప్పకండి, తెలిసిన మెకానిక్‌కు చూపించండి. మార్చాల్సినవి మార్పించండి, తీసేసిన భాగాలను మాత్రం పారేయకుండా ఒక కవర్‌లో దాచండి. నా బేస్‌కు అలాంటి కవర్ ఒకటి ఉంది.

పాత వాయిద్యాలు తప్పిపోతే కడుపు తరుక్కుపోతుంది. బీటిల్స్ బృందంలో బేస్ వాయించిన పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హోఫ్నర్ బేస్‌ను 1972లో లండన్‌లో ఎవరో ఎత్తుకుపోయారు. యాభై ఏళ్లు దాటాక దొరికింది. అది ఆయన చేతికి తిరిగొచ్చిందని 2024లో ప్రకటించారు. ఆ వార్త విన్న రోజు నాకు సొంత వస్తువు దొరికినంత సంతోషం. జేమర్సన్ బేస్ మాత్రం 1983లో, ఆయన చనిపోవడానికి కొద్దిరోజుల ముందు దొంగలపాలైంది. ఇంతవరకు ఆచూకీ లేదు. ఎవరింటి అటకమీదో, ఏ పెట్టెలోనో, ఆయన మార్చని ఆ తీగలతోనే ఉందేమో అని చాలాసార్లు అనుకుంటాను.

నా బేస్ ఇప్పుడు ఒళ్లోనే ఉంది. దాని పాత స్పాంజ్ నేను మూత తీసేసరికే పొడిపొడి అయిపోయింది. కొత్తది నేనే కోసి పెట్టుకున్నాను. ముందు స్పాంజ్ తీసేసి లావు తీగను ఒక్కసారి మీటుతాను. తర్వాత స్పాంజ్ పెట్టి, అదే తీగను అంతే బలంగా మీటుతాను. మీ రేడియో ఎంత చిన్నదైనా ఫరవాలేదు. రెండోసారి స్వరం ఎక్కడ ఆగుతుందో వినండి.